కుట్లు విప్పే పని లేదు

ఈ మధ్యకాలంలో మగజాతికి జరిగిన మహోపకారం ఏమిటని నన్నెవరైనా అడిగితే, సెల్‌ఫోనూ కాదు, ప్రెషర్ కుక్కరూ కాదు, కరిగిపోయే కుట్టు అంటాను.

నవ్వకండి. ఆపరేషన్ అయ్యాక పొట్ట మీద వేసే కుట్టు సంగతే చెబుతున్నాను. ఇప్పుడు దాన్ని ఎవరూ విప్పనక్కర్లేదు. కత్తెర అక్కర్లేదు, మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కే పని లేదు. దానంతట అదే ఒంట్లో కలిసిపోతుంది. మన పెళ్లికొచ్చి, వంటింట్లో సాయం చేసి, బట్టలు కూడా అడగకుండా వెళ్లిపోయిన చుట్టాన్ని మీరెప్పుడైనా చూశారా? ఈ దారం అలాంటిది!

నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మా ఆవిడ సంధ్యకు నాలుగు నెలల కిందట గర్భసంచి తీసేశారు. అనుభవం మీద చెబుతున్నాను. అనుభవం ఆమెది, చెప్పడం నాది. మా ఇంట్లో పనులు ఇలాగే పంచుకుంటాం.

నా పేరు రవీంద్ర. సూరత్‌లో, ఉధ్నా దగ్గర, తెలుగు మీడియం మునిసిపల్ బడిలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మా నాన్న సిరిసిల్ల నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చి, ఇక్కడే పోయాడు. వడోద్‌లో రెండో అంతస్తులో మా ఇల్లు. మా అమ్మ బుచ్చవ్వ, సంధ్య, పన్నెండో తరగతి చదివే కూతురు కోమలి, నేను.

ఇది దారాల ఊరు. ఇక్కడి దారానికి చావు లేదు. పాండేసర మిల్లులో రంగేసిన పాలిస్టర్ చీర, కట్టుకున్న మనిషి పోయినా పోదు. కోడలి ఒంటి మీదికి వెళ్తుంది, తర్వాత కిటికీకి పరదా అవుతుంది, ఆ తర్వాత సైకిల్ తుడిచే గుడ్డ అవుతుంది. చివరికి మురుగు మోరీలో పడి వానాకాలం నీళ్లకు అడ్డం పడుతుంది. అంతేగానీ కరగదు. అలాంటి ఊళ్లో, పని కాగానే తనంతట తాను తప్పుకునే దారాన్ని చూస్తే టీచర్నైన నాకు కళ్లు చెమర్చాయి. మా బడిలో ఇంత క్రమశిక్షణ గలవాళ్లు ఒక్కరూ లేరు, నాతో సహా.

పాతకాలపు కుట్టు ఎంత క్రూరమైనదో ఇప్పటి కుర్రవాళ్లకు తెలియదు. నల్లదారం. పొట్ట మీద చీమల బారులా కనిపించేది. అది ఉన్నన్నాళ్లూ మా గల్లీలో ఒకటే చట్టం: కుట్లు విప్పేదాకా ఆడమనిషి పొయ్యి ముట్టకూడదు, బిందె ఎత్తకూడదు, చీపురు పట్టకూడదు. ఈ చట్టాన్ని ఎవరు రాశారో తెలియదు. కానీ దీని ముందు మగ్గాల సేట్లు కూడా తల వంచేవారు. కుట్లు ఇంకా విప్పలేదంటే మొగుడికి సెలవు ఇచ్చేవారు.

మా బడిలో పనిచేసే పరుశురాం భార్యకు పదేళ్ల కిందట అపెండిక్స్ ఆపరేషనైంది. నల్లదారం. పది రోజులు ఆయనే వండాడు. నాలుగో రోజు చాయ్‌లో ఉప్పు వేశాడు. ఆరో రోజు ఆయన చేసిన రొట్టెను పక్కింటి కుక్క వాసన చూసి, ఆయన మొహం కూడా ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఆ పది రోజుల గురించి ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలా చెబుతాడు. ఒక్క నల్లదారం నిలువెత్తు మగాణ్ని ఇంత పని చేసింది! అలాంటి దారం లోకంలోంచి మాయమవుతోందంటే పండగ చేసుకోవద్దూ?

ఇక మా ఇంటి కథలోకి వస్తాను.

సంధ్య రెండేళ్లపాటు బాధపడింది. నెలలో పదిహేను రోజులు రక్తస్రావం. గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలి అన్నారు. ఉధ్నాలోనే ఒక ఆసుపత్రిలో చేశారు. డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ, నర్సు నీరజ జగిత్యాల వైపు పిల్ల. ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజు ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ నాకు మూడు విషయాలు చెప్పింది. కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. విప్పడానికి రానక్కర్లేదు. ఆరు వారాలపాటు నిండు బకెట్‌లాంటి బరువేదీ ఎత్తకూడదు, గాయం తడిగా అనిపించినా ఎర్రబడినా వెంటనే తీసుకురావాలి.

మొదటి రెండూ నాకు చక్కగా వినిపించాయి. మూడోది చెబుతున్నప్పుడు నేను కిటికీలోంచి ఆటో కోసం చూస్తున్నాను.

నీరజ అదే మాటను తెలుగులో సంధ్యకు మళ్లీ చెప్పింది. సంధ్య శ్రద్ధగా వింది. వింటే ఏమవుతుంది? విన్నదాన్ని అమలు చేసుకునే అధికారం ఆమెకు ఎవరిచ్చారు?

ఇంటికి రాగానే మా అమ్మ పప్పును, వంకాయను వంటింట్లోంచి బహిష్కరించింది. పప్పు తింటే చీము పడుతుందట. పప్పు, గుడ్లు బాగా పెట్టమని డాక్టరమ్మ మందుల చీటీ మీద రాసిందని అంటే, ఆ డాక్టరమ్మకు ఎన్ని ఆపరేషన్లయ్యాయని అడిగింది. తర్వాత అసలు ప్రశ్న వేసింది.

“కుట్లు ఎన్నిరోజులకు ఇప్పుతరట?”

“ఇప్పేదే లేదమ్మా. అవే కరుగుతయి.”

“మరి పిల్ల ఎప్పటిదాక పండుకోవాలె?”

నేను లెక్కల టీచర్ని కూడా. బోర్డు మీద వేసినట్టే విడమరిచి చెప్పాను. పడుకోవలసింది కుట్లు విప్పేదాకా. విప్పవలసిన కుట్లు సున్నా. కాబట్టి పడుకోవలసిన రోజులు కూడా సున్నా. అమ్మ, చదువుకున్నవాడివి నీకే ఎరుక అని లోపలికి వెళ్లిపోయింది. ఇరవై రెండేళ్లలో నా పాఠానికి ఎదురు ప్రశ్న రాకపోవడం అదే మొదటిసారి.

ఐదో రోజు కోమలికి పరీక్ష. ఉప్మా నేను చేశాను. సంధ్య రెండు చెంచాలు తిని, పళ్లెం పక్కన పెట్టి, గోడ పట్టుకుని నెమ్మదిగా వంటింట్లోకి నడిచింది. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి గరిటె మీద. నేను ఆపలేదు. లేచిందంటే లేవగలిగిందనే కదా! సైన్సు అంటే ఇదీ అని అమ్మకు చూపించాను కూడా.

ఏడో రోజు పరుశురాం దంపతులు కొబ్బరిబోండాలు పట్టుకుని పరామర్శకు వచ్చారు. పరామర్శకు వచ్చినవాళ్లకు చాయ్ పెట్టింది పేషెంటే. పరుశురాం కళ్లల్లో అసూయ నాకు స్పష్టంగా కనిపించింది. నేను ఆ గాయాన్ని వర్ణించి చెప్పాను. జానెడు గీత, అంతే. దారం పోగు కూడా కనిపించదు. జరీ అంచు మడత పెట్టినట్టు ఉంటుంది. ఈపాటికి కుట్లు లోపల కరిగిపోయి ఉంటాయి అని కూడా అన్నాను. అప్పటినుంచి ఎవరొచ్చినా, బడిలో ఎవరు అడిగినా అదే వర్ణన. మా హెడ్‌మాస్టర్ ఉమాకాంత్ గారికి రెండుసార్లు చెప్పాను. ఆయన మొదటిసారి సరిగ్గా ఆనందించలేదనిపించింది.

ఎనిమిదో రోజు సంధ్య చీరల కట్ట ముందేసుకుని కూర్చుంది. మా వైపు ఇళ్లల్లో ఆడవాళ్లు చీరలకు మెరుపు రాళ్లు అతికిస్తారు. కట్ట వచ్చి పది రోజులైంది, తిరిగి ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు అంది. వంగి కూర్చున్నప్పుడల్లా పెదవి కొరుక్కోవడం చూశాను. పని మీద ధ్యాస అనుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున బిల్డింగ్ మోటారు కాలిపోయింది. మాకు మునిసిపల్ నీళ్లు ఆరున్నర నుంచి ముప్పావుగంట వస్తాయి. మోటారు లేదంటే కింద కొళాయి దగ్గర పట్టుకుని రెండు అంతస్తులు మోయాలి. కోమలి ట్యూషన్‌కు వెళ్లింది. అమ్మకు మోకాళ్లు సహకరించవు. నేను ముందుగదిలో నేల మీద కాళ్లు చాపుకుని మూడో తరగతి డిక్టేషన్ పుస్తకాలు దిద్దుతున్నాను.

బకెట్ హ్యాండిల్ చప్పుడు విన్నాను. తల ఎత్తలేదు. మొదటి బకెట్ వెళ్లింది. రెండో బకెట్ వచ్చినప్పుడు నా కాళ్లు దారికి అడ్డంగా ఉన్నాయని గమనించి, ముడుచుకున్నాను. నేను మర్యాద తెలిసినవాణ్ని. మూడోది కూడా సాఫీగా వెళ్లింది.

ఆ రోజు, మర్నాడు సంధ్య పెద్దగా మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను.

పదకొండో రోజు పొద్దున బట్టలు నానబెడుతూ కోమలి తన తల్లి లంగా మీద మరక చూసింది. నాకు చెప్పలేదు. నేరుగా వాళ్ల బాపమ్మ దగ్గరికి వెళ్లింది. అమ్మ సంధ్యను లోపలికి తీసుకెళ్లి, కాసేపటికి బయటికొచ్చి, చొక్కాకు బొత్తాలు పెట్టుకుంటున్న నా ముందు నిలబడింది.

“నువ్వు సూసినవా?” అంది.

“ఏంది?”

“నీ పెండ్లాం కడుపు. ఊరంత చెప్తున్నవు గద, జరీ అంచు లెక్కున్నదని. నువ్వు సూసినవా?”

చూడలేదు. పాఠకుల ముందు దాచి లాభం లేదు. ఇరవై మందికి వర్ణించాను గానీ ఒక్కసారి కూడా చూడలేదు. ఆసుపత్రిలో మొదటిరోజు డాక్టరమ్మ బట్ట తీసి చూపించబోతే, నాకు కళ్లు తిరుగుతాయని బయటికి వెళ్లాను. జరీ అంచు నా సొంత కల్పన.

అప్పుడు చూశాను. గీతలో ఒక కొస రెండు అంగుళాలు విడిపోయి ఉంది. చుట్టూ ఎర్రగా వాచింది. సంధ్య పాత చీర ముక్క మడతపెట్టి దాని మీద కప్పుకుంది. ఆ ముక్క తడిసిపోయింది. నుదురు ముట్టుకుంటే వేడిగా ఉంది. తనేమో జర తడిగున్నది, అంతే అంది. ఎప్పటినుంచి అని అడిగితే, నీళ్లు పట్టిన రోజు నుంచి అంది.

“మరి నాకెందుకు చెప్పలే?”

ఆమె నా వైపు చూడలేదు. గోడవైపు తిరిగి చీర సర్దుకుంటూ అంది. “కుట్లు కరిగినయి, అంత మంచిగైందని అందరికి చెప్తిరి. ఇగ నేనేం చెప్పాలె?”

ఆటోలో ఆసుపత్రికి బయల్దేరాం. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆమె నా మణికట్టు పట్టుకునేది, దాటగానే వదిలేసేది. ఉధ్నా రోడ్డు మీద స్పీడ్‌బ్రేకర్లు ఎక్కువని అప్పటిదాకా నాకు తెలియదు. 

డాక్టరమ్మ మెల్లగా నొక్కింది. లోపల నిలిచిన నీరు బయటికొచ్చింది. సంధ్య బల్ల అంచును పట్టుకుంది. ఈసారి నేను బయటికి వెళ్లలేదు. వెళ్లాలనిపించింది, కానీ తలుపు దగ్గర నీరజ నిలబడి ఉంది. ఆ పిల్ల చూపు దాటుకుని వెళ్లే ధైర్యం నాకు లేదు.

నీళ్లు మోసిన సంగతి సంధ్య నోట విని, ఎన్ని బకెట్లు మోసిందని డాక్టరమ్మ హిందీలో అడిగింది. మూడు అని చెప్పాను. లెక్క పెట్టారన్నమాట, మంచిది అంది. నా జీవితంలో చాలామంది ఇన్‌స్పెక్టర్లు నన్ను తిట్టారు. ఎవరూ ఇంత చిన్న వాక్యంతో తిట్టలేదు.

తర్వాత ఓపిగ్గా వివరించింది. పైచర్మం వారంలో అంటుకున్నట్టే కనిపిస్తుందట. లోపలి పొరలు గట్టిపడటానికి నెలలు పడుతుందట. దారం ఆ పొరలు అతుక్కునేదాకా పట్టుకుని ఉండి, ఆ తర్వాత మెల్లగా కరుగుతుందట. అది కనిపించకపోవడమంటే గాయం మానిందని కాదు. విప్పే పని లేదు అన్నానే గానీ, చూసే పని లేదు అనలేదు కదా అంది. ఈ వాక్యాన్ని నీరజ నాకు తెలుగులో మళ్లీ చెప్పింది. నాకు హిందీ బాగానే వచ్చు. ఆ పిల్లకు ఆ సంగతి తెలుసు. అయినా చెప్పింది.

ఎనిమిది రోజులు డ్రెస్సింగ్. ప్రతిరోజూ ఆటో, ప్రతిరోజూ అదే బల్ల. గాజుగుడ్డ తీసేటప్పుడు పట్టుకోవడానికి సంధ్యకు ఏదైనా కావాలి కాబట్టి నా చెయ్యి ఇచ్చేవాణ్ని. ఆమె గోళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయని చెప్పాలని ఉంది గానీ, నాలుగు రోజులకే పోయాయి. నాకు తొందరగా మానే ఒళ్లు. గాయం అడుగు శుభ్రపడి కొత్త కండ కనిపించాక, తొమ్మిదో రోజు డాక్టరమ్మ ఆ చోట మళ్లీ కుట్లు వేసింది. ఐదు. నల్ల నైలాన్ దారం.

“ఇవి కరగయి సార్,” అంది నీరజ. “పద్నాలుగు రోజులకు తీసుకరాండ్రి. మేమే ఇప్పుతం.”

అప్పుడు చూడాలి ఆ దారం మహిమ!

సెలవు కోసం ఉమాకాంత్ గారి దగ్గరికి వెళ్లాను. నిజానికి డ్రెస్సింగ్ రోజుల్లోనే వెళ్లాను. అప్పుడు ఆయన నా మాటలే నాకు అప్పజెప్పారు. కరిగే కుట్లే కదా రవీంద్ర గారూ, మీరే చెప్పారుగా, సెలవెందుకు అన్నారు. గాయం విడిపోయింది సార్ అంటే, అదీ దానంతటదే సర్దుకుంటుందేమో చూడండి అన్నారు. రోజూ మధ్యాహ్నం బడి అయ్యాకే ఆసుపత్రికి పరిగెత్తాను. ఈసారి నల్లదారం వేశారు సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తీశారు. నల్లదారమా, మరి ముందే చెప్పొద్దా అని కాగితం పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టారు.

గల్లీ మొత్తం అంతే. వచ్చిన ఆడవాళ్లు ముందు కుట్లు చూపించమనేవారు. ఐదు ముడులూ చూసి, తృప్తిగా తలలు ఊపి, ఇగ లేవకు వదినా అని మంచం చుట్టూ కూర్చునేవారు. ఎవరూ చాయ్ ఆశించలేదు. పైగా గిన్నెల్లో కూర తెచ్చారు. విడిపోయిన గాయంతో, జ్వరంతో ఉన్నప్పుడు ఆమె చేతి చాయ్ తాగి వెళ్లినవాళ్లే, ఐదు పోగుల నల్లదారం చూసి ఆమెను మహారాణిలా పడుకోబెట్టారు.

మరి సింహాసనం కింద పనిచేసేవాళ్లు ఉండాలి కదా. ఆ ఉద్యోగం నాకు వచ్చింది. నీళ్లు నేనే మోశాను. మోటారు బాగయ్యాక కూడా రెండు రోజులు మోశాను. బాగైన సంగతి నాకెవరూ చెప్పలేదు. రొట్టెల పిండి కలపడం కోమలి నేర్పింది. “పప్పా, పాణీ థోడా థోడా పొయ్యాలె. ఇది గోడకు రాసే సున్నం కాదు,” అంది. మొదటి వారం నా రొట్టెలు చూశాక, పరుశురాంకు నేను మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

ఒకరోజు సాయంత్రం ఉల్లిగడ్డలు కోస్తుంటే అమ్మ వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. నేను కత్తి పట్టుకున్న తీరు చూసి మా నాన్న గుర్తొచ్చాడట. ఆమెకు ఎప్పుడో చిన్నప్పుడు, అంటే నా చిన్నప్పుడు, హెర్నియా ఆపరేషన్ అయిందట. నాకు లీలగా గుర్తు. నాన్న వండిన మాడిన అన్నం గుర్తు. అది తప్ప ఏమీ గుర్తులేదు.

“పది రోజులు మీ నాయిన అన్నం వండి, పళ్లెంల పెట్టి, నా చేతికిచ్చిండు,” అంది అమ్మ. “నా బతుకుల గా పది రోజులే నేను కూసోని తిన్న. పదకొండో రోజు కుట్లు ఇప్పిండ్రు.”

అంత మామూలుగా అంది, నిన్న కూరగాయలాయన రాలేదన్నంత మామూలుగా. నేను కోస్తున్నవి ఉల్లిగడ్డలు కావడం నాకు కలిసొచ్చింది.

పద్నాలుగు రోజులయ్యాయి. ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ ఐదు ముడులూ ఒక్కొక్కటిగా కత్తిరించి లాగేసింది. గాయం బాగా కలిసింది. ఇంకో నాలుగు వారాలు మాత్రం బరువులు వద్దు అంది. ఈసారి కిటికీలో ఎన్ని ఆటోలు వెళ్లాయో నాకు తెలియదు. చెప్పినదంతా కాగితం మీద రాసుకున్నాను.

తిరిగి వస్తుంటే ఆటోలో సంధ్య నా వైపు కొంచెం జరిగి, డ్రైవర్‌కు వినబడకుండా చెప్పింది.

“ఇంట్ల ఎవరన్న అడిగితె, ఒక్క కుట్టు మిగిలిందని చెప్పుండ్రి.”

ఎందుకన్నాను. నాలుగు వారాలు ఏ పనీ వద్దని డాక్టరమ్మే చెప్పింది కదా, అదే చెబుదాం అన్నాను.

“డాక్టర్ మాట ఎవలింటరు? దారం మాట ఇంటరు,” అంది.

నేను ఇరవై రెండేళ్లుగా పిల్లలకు అబద్ధం ఆడరాదు అని డిక్టేషన్ చెబుతున్న మనిషిని. ఆ సాయంత్రం నుంచి గల్లీలో అందరికీ అబద్ధం చెప్పాను. ఒక్కటి ఉంది, లోపలివైపు, కష్టమైన కుట్టు, నెల రోజులు ఉంచాలట అన్నాను. ఉమాకాంత్ గారికీ చెప్పాను, ఆలస్యంగా వస్తానంటే ఒప్పుకున్నారు. మా అమ్మ నాకన్నా నాలుగాకులు ఎక్కువ చదివింది. స్వయంగా చూసొచ్చినట్టు, అది నడుమ కాడ ఉన్నది, ముట్టుకుంటె గుచ్చుకుంటున్నది అని వచ్చినవాళ్లకు సాక్ష్యం చెప్పింది.

నేను ఎరిగిన కుట్లన్నింట్లో గట్టిది అదే. లేని కుట్టు. నాలుగు వారాలు మా ఆవిణ్ని పట్టి ఉంచింది, ఒక్క పోగు తెగలేదు.

ఇప్పుడు సంధ్య బాగుంది. రెండేళ్ల తర్వాత మొహంలో రక్తం కనిపిస్తోంది. చీరల కట్టలు మళ్లీ వస్తున్నాయి. నేను పూర్తిగా మారిపోయిన మనిషినని అనుకోకండి. పొద్దున నీళ్లు పడతాను, రొట్టెలు చేస్తాను. ఉప్మా మాత్రం ఎవరూ చేయనివ్వరు.

ఇంతకీ ఈ వ్యాసం ఇవాళ ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మొన్న ఆదివారం కింద అంతస్తులో ఉండే స్వరాజ్యం మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త మల్లేష్ మగ్గాల మీద పన్నెండు గంటల డ్యూటీ చేస్తాడు. చెడ్డవాడు కాదు, నాలాంటివాడే. స్వరాజ్యానికి కూడా గర్భసంచి తీసేయాలన్నారట. రెండు నెలలుగా వాయిదా వేస్తూ వస్తోంది. సంధ్య బజారుకు వెళ్లింది. స్వరాజ్యం నన్నే అడిగింది.

“ఆ నల్లదారం ఏసే డాక్టరమ్మ ఏ టైంల ఉంటది సార్?”

నేను మళ్లీ టీచర్నైపోయాను. అది మొదట వేసే దారం కాదు, గాయం విడిపోతే వేసింది అని చెప్పాను. కరిగే కుట్లే మంచివి, విప్పేటప్పుడు నొప్పి ఉండదు, మచ్చ కూడా తక్కువ, నేను స్వయంగా చూశాను అన్నాను. ఈసారి నిజంగానే చూశాను కాబట్టి ధైర్యంగా చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మధ్యలో ఆపకుండా, మర్యాదగా అంతా వింది.

“మంచియే గావొచ్చు సార్,” అంది చివరికి. “గని అవి మా ఆయనకు కనవడయి.”

నా దగ్గర పాఠం అయిపోయింది. డాక్టరమ్మ టైం కాగితం మీద రాసిచ్చాను. ఏ దారం వేసినా సరే, మల్లేష్‌కు మాత్రం నల్లదారమనే నేను చెబుతానని మాటిచ్చాను. నా మాట వాడు నమ్ముతాడు, సార్ అబద్ధం చెప్పడని ఈ గల్లీలో అందరికీ నమ్మకం.

ఆమె కాగితం మడిచి రవికలో పెట్టుకుని, గడప దాకా వెళ్లి ఆగింది. ఎన్ని కుట్లని చెబుతారు సార్ అని అడిగింది. అది నేను ఆలోచించలేదు. డాక్టరమ్మ ఎలాగూ ఆరు వారాలంటుంది. అయినా ముందు స్వరాజ్యాన్నే అడగాలనిపించింది. నీకెన్ని రోజులు పడుకోవాలని ఉందో చెప్పమ్మా, దానికి సరిపోయేటన్ని చెబుతాను అన్నాను.

స్వరాజ్యం వేళ్ల మీద ఏదో లెక్క మొదలుపెట్టి, మధ్యలో వదిలేసింది.

“ఏమో సార్,” అంది. “ఎన్నడు పండుకోలే గద, నాకెట్ల తెలుస్తది?”